ఊపిరి వయసు

గేటు కాడ టెంటేసి
ఊపిరి కొలుస్తున్నరు ఈ పొద్దు.
నైట్ షిఫ్టు దిగినోళ్ళం దిగినట్టే లైన్ల నిలవడ్డం,
బూట్లకు ఇంకా తెల్లటి పొడి.

నుస్రత్ అని ఒక పిల్ల
ముక్కుకు క్లిప్పు పెట్టింది,
అట్ట గొట్టం నోట్ల పెట్టింది.
"నిండ పీల్చుర్రి అన్నా, ఇగ ఊదుర్రి,
ఊదుర్రి ఊదుర్రి ఊదుర్రి ఇంకా ఇంకా ఇంకా"
నా గాలి అయిపోయినంక గూడ
ఆమె ఇంకా అంటనే ఉన్నది.

తెర మీద గీత గుట్ట లెక్క లేవాలెనట.
నాది జీడిమెట్ల రోడ్డు మీది స్పీడు బ్రేకరంత లేసి
పక్కకు ఒరిగింది.

మూడుసార్లు ఊదిపిచ్చింది.
మిషిన్లకెళ్ళి చీటి వచ్చింది, కిరాణ బిల్లంత.
నుస్రత్ పైకి చదవలె,
నా దిక్కు తిప్పి పెట్టింది.
మనిషి వయసు ముప్పై తొమ్మిది.
ఊపిరితిత్తుల వయసు డెబ్బై ఒకటి.

మా నాయిన అరవై నాలుగుకే పోయిండు.
అంటే నా రొమ్ముల కూసున్నది
మా నాయిన కన్న పెద్దమనిషి.
ఇన్నొద్దులు తెలువక
ఆయనను రియాక్టరు లోపటికి దింపిన,
తాడు కట్టి, బకెటిచ్చి, గోకుమన్న.
రెండొందల లీటర్ల డ్రమ్ములు దొర్లిపిచ్చిన.
ఒక్కనాడు కూసొమ్మనలె.

టోలీను వాసన తియ్యగుంటది.
మొదటి నెల నాకు మంచిగనే అనిపిచ్చింది,
కొత్త రంగేసిన పెండ్లింట్ల పన్నట్టు.
నైట్రిక్ పొగ ఇటుక రంగు, అది అవుపడితె ఉరుకుతం.
అవుపడనియి ఎక్కువ.

మాస్కు ఇచ్చిన్రు, అబద్ధమెందుకు,
తనిఖీ దినం ఇచ్చిన్రు,
సంతకం తీసుకొని సాయంత్రం బీరువాల పెట్టిన్రు.
రోజూ ఇచ్చేది బెల్లం ముక్క.
గొంతుల పడ్డదంత కడిగేస్తదంటడు సూపర్వైజరు వంగా భూపతి.
పదమూడేండ్లు తిన్న.
రెండు దంతాలు పుచ్చినయి. రొమ్ము కడగలె.

ఫారం మీద బీడి అని ఉన్నది,
సిగరెట్టు అని ఉన్నది.
ఎనిమిదో నంబరు షెడ్డు అని లేదు.
"తాగరా? ఎన్నడూ తాగలేదా?" డాక్టరు రెండుసార్లు అడిగిండు,
ఉత్త గడిని చూస్తె ఆయన చేతికి తోస్తలేదు.

నా ఎనక నిలవడ్డ ప్రఫుల్ల బెహెరా
లైన్లకెళ్ళి మెల్లగ జారుకున్నడు.
"చీటి వస్తే కాంట్రాక్టరు చూస్తడు భయ్యా."
ఇరవై రెండేండ్లు ఆ పిలగానికి.
గోడకు ఒరిగి దగ్గుకుంట
పండ్లన్ని కనవడేటట్టు నవ్విండు.

బస్సుల ముసలోళ్ళ సీటు ఒకటి ఖాళీ ఉండె.
చీటి చూపెడితె ఇస్తరా అని ఒక్క గడియ అనిపిచ్చింది,
సగం సీటు చాలు,
నా బొక్కలు నిలవడ్తయి, ఆయన కూసుంటడు.
కండక్టరమ్మ నా దిక్కు చూసింది.
ముందుకు జరిగిన.

ఇల్లు జగద్గిరిగుట్ట మీద.
మొదటి మలుపు కాడ ఆగి ఫోను తీస్త,
ఏదో వచ్చినట్టు చూస్త.
రెండో మలుపు కాడ బూటు తాడు కడుత.
మూడో మలుపు కాడ
ఇస్త్రీ దుకాణపాయనతోని మాట కలుపుత,
ఆయనే మాట్లాడుతడు, నేను తల ఊపుత.
ఎండల, వానల, ఎవ్వరికి అనుమానం రాలె.

బాల్‌లక్ష్మికి చీటి చూపెట్టలె.
షర్టు జేబుల మడిచి పెట్టిన, బెల్లం పక్కకు.
పండుదామని పోతె
నా దిక్కు మూడు మెత్తలు.
మొన్నటిదాక రెండే ఉండె.
అంతకు ముందు ఒకటి.
ఆమె నన్ను ఏం అడగలె,
బిడ్డ బడి బట్టలు పిండుకుంట
పొద్దుగూకితె కూర ఏం చెయ్యాలె అన్నది.

రేపు సుత షిఫ్టున్నది.
లోపట ముసలాయనను లేపాలె.
ఆయన లేవనంటడు, ఈలేస్తడు, అడ్డం తిరుగుతడు.
బూట్లు తొడుక్కునుడు నా పని.
ఒక్క దినం, ఇంకొక్క దినం రావే అని
ఆయన గదవ పట్టి బతిలాడుడు సుత
నా పనే.